ఎక్కడ నొక్కుతోంది?

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు పళ్ళు తోమేది నాయనమ్మ. నోట్లో కాదు, గిన్నెలో. రాత్రంతా నీళ్ళలో నానిన కట్టుడు పళ్ళను బ్రష్షుతో శుభ్రంగా రుద్ది, కడిగి, అద్దం ముందు నిలబడి ఒకసారి నోట్లో పెట్టుకుంటుంది. మొహం కాస్త ముడుచుకుంటుంది. వెంటనే తీసి, చేతిరుమాల్లో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేసేస్తుంది. ముందు గదిలోంచి కొడుకు అడుగుల చప్పుడు వినిపిస్తే మాత్రం ఆ మూత మళ్ళీ తెరుచుకుంటుంది. కొడుకు వంటింట్లోకి వచ్చేసరికి ఆవిడ నోటినిండా పళ్ళతో నవ్వుతూ ఉంటుంది.

ఎందుకంటే ఆ పళ్ళు చేసింది ఆ కొడుకే.

ఆయన్ని వీధిలో అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. కొత్తగా కాపురానికొచ్చిన ఒకరిద్దరు ఆ పేరు విని సంచీ పట్టుకుని అరటిపళ్ళకు వచ్చిన మాట నిజమే. ఊళ్ళోని పళ్ళ డాక్టర్లు రోగుల నోటి కొలతలు ముద్దలో తీసి పంపిస్తే, వాటిలో ప్లాస్టర్ పోసి అచ్చు తీసి, ఆ అచ్చు మీద పళ్ళ సెట్లు తయారుచేసి ఇవ్వడం ఆయన పని. ఇంటి ముందు గదే ఆయన కార్ఖానా. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. పనిమంతుడే, అందులో సందేహం లేదు. ఒక్కటే చిక్కు. తన పనికి ఎవరైనా వంక పెడితే తట్టుకోలేడు.

ఏ డాక్టరు దగ్గర్నుంచైనా "నొక్కుతోందట, కాస్త సరిచెయ్యండి" అంటూ సెట్టు తిరిగొస్తే, సరిచేసి పంపేవాడే గాని, ఆ రోజు ఆయనకు ముద్ద దిగేది కాదు. తల్లికి పళ్ళు పెట్టిన మొదటి రోజున ఆవిడ నోరుజారి "కొంచెం బిగువుగా ఉందిరా" అంది. అంతే. ఆయన భోజనం ముందు నుంచి లేచిపోయాడు. "కన్నతల్లికే సరిగ్గా చెయ్యలేని చేతులు ఇంకెందుకు" అంటూ పొద్దుగూకేదాకా బల్ల ముందు కూర్చుండిపోయాడు. మర్నాడు ఆవిడే వచ్చి, "కొత్తలో అలా అనిపించింది గానీ, ఇప్పుడు దివ్యంగా ఉన్నాయిరా" అని చెప్పింది. బిస్కెట్ల డబ్బాకు కొత్త ఉద్యోగం వచ్చింది ఆ రోజే.

ఆ సెలవురోజు పొద్దున కూడా అంతా మామూలుగానే మొదలైంది. పిడుగు అప్పటికే ఆటబట్టలు వేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. మేస్త్రి కూతురు అది, ఏడో తరగతి. పుట్టినప్పుడు పెట్టిన పేరు బడిలో హాజరుకే పనికొస్తుంది, ఇంటా బయటా పిడుగనే అంటారు. హాకీ జట్టులో ముందు వరసలో ఆడుతుంది. ఆ రోజు పక్క బడి జట్టుతో ఆట ఉంది.

"ఏమిటే, రొట్టె అలా ఒక పక్కనే నములుతున్నావు?" అంది తల్లి, తన డబ్బాలో భోజనం సర్దుకుంటూ. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఎవరి మొహం చూసినా ముందు ముక్కూ చెవులూ కొలుస్తుందని మేస్త్రి వేళాకోళం.

"ఊరికేనమ్మా."

"గార్డు పెట్టుకున్నావా?"

"సంచీలో ఉంది."

"సంచీలో ఉంటే సంచీ పళ్ళు క్షేమంగా ఉంటాయి. గ్రౌండులో దిగేముందు నోట్లో ఉండాలి. మన ఒప్పందం గుర్తుందిగా? గార్డు లేకుండా ఆడావని తెలిసిందంటే, ఆ రోజుతో ఆట బంద్. స్టిక్కు అటకెక్కుతుంది."

"గుర్తుందమ్మా" అంది పిడుగు, రొట్టెను ఇంకాస్త పక్కకు నెట్టి. నాయనమ్మ పొయ్యి వైపు తిరిగి, మాడని పాలను గబగబా కలపసాగింది.

అంతలో అడుగుల చప్పుడైంది. డబ్బా మూత టక్కుమంది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, కూతురి సంచీలోంచి చిన్న నీలం పెట్టె తీసి, మూత తెరిచి, లోపల ఉన్న, ఆటలో పళ్ళకు దెబ్బ తగలకుండా పెట్టుకునే మౌత్ గార్డును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసుకున్నాడు.

"అంచు చూడు, ఎంత నున్నగా వచ్చిందో! బజార్లో వేన్నీళ్ళలో ముంచి కొరికేవి అమ్ముతారు. అవీ గార్డులేనా? ఇది నీ నోటికోసమే పుట్టింది. బాగుంది కదూ?"

"బాగుంది నాన్నా" అంది పిడుగు.

మేస్త్రి అడిగే పద్ధతే అది. "బాగుంది కదూ?" అంటాడు. ఆ ప్రశ్నకు ఆ ఇంట్లో ఇంతవరకు ఒకే ఒక్క జవాబు ఉంది.

ఆ గార్డు కథ కొంచెం చెప్పుకోవాలి. పిల్లల పుట్టినరోజుకు అందరూ ఫోటో తీయిస్తారు. మేస్త్రి ఇంట్లో అచ్చు తీస్తారు. కేకు కోసేముందు పిడుగు కుర్చీలో కూర్చుని, గులాబీరంగు ముద్ద నింపిన ట్రేను కొరికి పట్టుకోవాలి. నోటినిండా ముద్దతో అది "ఊ ఊ" అంటుంటే అందరూ పాట పాడతారు. తర్వాత తండ్రి అందులో ప్లాస్టర్ పోసి, అచ్చు తీసి, అడుగున సంవత్సరం వేసి అలమారలో పెడతాడు. పాలపళ్ళ నాటి నుంచి పిడుగు నోళ్ళన్నీ ఆ అలమారలో వరసగా ఉన్నాయి. చుట్టాలెవరైనా వస్తే, పిల్లను చూపించకముందే ఆయన ఆ అలమార చూపిస్తాడు.

జట్టులోకి తీసుకున్నారని పిడుగు ఎగిరి గంతేసిన రోజున, మేస్త్రి దానికి చెప్పకుండా గార్డు చెయ్యాలనుకున్నాడు. చెప్పకుండా చెయ్యాలంటే కొత్తగా కొలత తీయకూడదు. దానికేం, అలమారలో పోయిన పుట్టినరోజు అచ్చు ఉండనే ఉంది. మెత్తటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి, ఆ అచ్చు మీద పరిచి, గాలి లాగే యంత్రంతో అంటించి, కత్తిరించి, అంచులు నునుపు చేసి, నీలం పెట్టెలో పెట్టి రిబ్బను కట్టి ఇచ్చాడు. పిడుగు ఉత్సాహంగా నోట్లో పెట్టుకుని కొరికింది. చివుక్కుమంది. దాని కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

"చూశారా, చూశారా! ఆనందం పట్టలేకపోతోంది నా తల్లి!" అని మేస్త్రి వీధి వీధంతా చెప్పుకున్నాడు.

ఇక ఆ పిల్ల ఏం చెప్తుంది? నాన్నకు చెబితే నాన్న అన్నం మానేస్తాడు. అమ్మకు చెబితే, గార్డు లేనిదే ఆట లేదంటుంది. వారం రోజులు పళ్ళు బిగబట్టి ఆడింది. తర్వాత ఒక ఉపాయం కనిపెట్టింది. ఆట మొదలయ్యేముందు కోచ్ మేడమ్ గార్డులు చూడ్డానికి వరసగా నిలబెట్టి "ఈ" అనమంటుంది కదా, అప్పుడు గార్డుతో "ఈ" అని చూపిస్తుంది. బంతి అవతలి కొసకు పోగానే తీసి మేజోట్లో దోపుకుంటుంది.

ఈ సంగతి ఇంట్లో ఒక్క నాయనమ్మకే తెలుసు. ఎలాగంటే, ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ పళ్ళు తీసి డబ్బాలో పెడుతూ మనవరాలికి పట్టుబడింది. మనవరాలు గార్డు తీసి దవడ నొక్కుకుంటూ ఆవిడకు పట్టుబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కడుపుబ్బ నవ్వారు. "నువ్వు నా సంగతి చెప్పకు, నేను నీ సంగతి చెప్పను" అని ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టు నవ్వులాటలోదే గాని, ఆ తర్వాత పిడుగు ఆటకు వెళ్ళిన ప్రతిసారీ నాయనమ్మకు గుండెల్లో రాయి పడ్డట్టుండేది. చెబుదామనుకునేది. కొడుకు మొహం చూసి ఊరుకునేది.

ఆ సెలవురోజు మధ్యాహ్నం కాకముందే మేస్త్రి ఫోను మోగింది.

"సార్, నేను కోచ్‌ని. కంగారుపడకండి. పాపకు మూతికి స్టిక్కు తగిలింది. ముందు పన్ను ఒకటి..."

"విరిగిందా, ఊడిందా?"

"మొత్తం ఊడొచ్చేసింది సార్. నా చేతిలోనే ఉంది."

ఆయన అప్పటికే లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. "వేరు పట్టుకోకండి మేడమ్. పైన తెల్లగా ఉన్న వైపే పట్టుకోండి. మట్టి అంటినా రుద్దొద్దు. అక్కడ పాలు దొరుకుతాయా? చల్లటి పాలలో వేసి, ఒక్క నిమిషం కూడా ఆగకుండా డాక్టరమ్మ దగ్గరికి తీసుకొచ్చెయ్యండి. నేనూ అక్కడికే వస్తున్నా."

డాక్టరమ్మ అంటే ఆయన పళ్ళు చేసిచ్చే డాక్టర్లలో ఒకావిడ. గ్రౌండుకు దగ్గర్లోనే ఉంటుంది. మేస్త్రి చేరేసరికి పిడుగు రక్తం మరకల చొక్కాతో కుర్చీలో పడుకుని ఉంది. పక్కన టీ గ్లాసులో పాలు, పాల అడుగున పన్ను. అన్ని వేల పళ్ళు చేతులతో పట్టుకున్న మనిషి ఆ ఒక్క పన్ను వైపు చూడలేక గోడ వైపు తిరిగాడు.

డాక్టరమ్మ పన్నును మెల్లగా దాని చోట్లోకి నొక్కి, పక్క పళ్ళకు సన్నటి తీగతో కట్టింది. "మంచిపని చేశారు పాలలో వేసి. త్వరగా కూడా తెచ్చారు. నిలబడుతుందనే అనుకుంటున్నాను. వేరుకు చికిత్స చెయ్యాలి, కొన్నాళ్ళు చూస్తూ ఉండాలి" అంది. షాపు నుంచి పరుగెత్తుకొచ్చిన తల్లి కూతురి పాదాలు పట్టుకుని నిలబడింది.

"డాక్టర్‌గారూ, నేను చేసిన గార్డు ఉంది దీనికి" అన్నాడు మేస్త్రి. "అది ఉండి కూడా పన్ను ఊడిందంటే, నా పనిలోనే ఏదో..."

కోచ్ మేడమ్ ఇబ్బందిగా కదిలి, జేబులోంచి గార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. "నోట్లో లేదు సార్. బూటు విప్పుతుంటే మేజోట్లోంచి పడింది. నాక్కూడా తెలీదు. మొదట్లో చూపించింది, నేను మళ్ళీ చూడలేదు. తప్పు నాదే."

ఒక్క క్షణం మేస్త్రి మనసు తేలికపడింది. తన పని తప్పలేదన్నమాట. కూతురి మూతి అంత వాచి ఉండగా అలా తేలికపడినందుకు ఆ తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు. కానీ ఆ క్షణం దాటాక వచ్చింది మాత్రం సిగ్గు కాదు, కోపం.

ఆ కోపం ఇంటికొచ్చాక బయటపడింది. పిడుగును సోఫాలో కూర్చోబెట్టారు. బుగ్గమీద ఐసు, నోట్లో దూది. డాక్టరమ్మ ఆ రోజుకు మాట్లాడొద్దంది.

"స్టిక్కు ఎక్కడుంది?" అంది తల్లి. ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు బొంగురుపోయింది. "నేను ముందే చెప్పాను. చెప్పానా లేదా? ఒక్కటంటే ఒక్క షరతు పెట్టాను. ఇవాళ్టితో ఆట సరి. ఇంకెవరు చెప్పినా వినను."

పిడుగు కళ్ళనుంచి నీళ్ళు జలజలా రాలాయి. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఊరందరి నోళ్ళలో నా పళ్ళున్నాయి" అన్నాడు మేస్త్రి. ఆయన గది మధ్యలో నిలబడి ఉన్నాడు, గార్డు ఇంకా గుప్పిట్లోనే ఉంది. "నా కన్నకూతురికి మాత్రం నేను చేసింది నోట్లో పెట్టుకోవడం నామోషీ. మేజోట్లో పెట్టుకు తిరిగింది. మేజోట్లో! వేరే పిల్లలు నవ్వారా? రంగు బాగాలేదా? నీకేం తక్కువ చేశానే?"

"దాన్ని మాట్లాడొద్దన్నారు కదండీ" అంది భార్య.

"అది మాట్లాడక్కర్లేదు. ఇదే మాట్లాడుతుంది, చూడండి." ఆయన విసవిసా ముందు గదిలోకి వెళ్ళి పోయిన పుట్టినరోజు అచ్చు తెచ్చాడు. అందరి ముందూ బల్లమీద పెట్టి, గార్డును దానికి తొడిగాడు. చక్కగా కూర్చుంది. "చూశారా? వెంట్రుకైనా దూరుతుందా? ఇందులో వంక పెట్టేవాళ్ళుంటే రమ్మనండి!"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ మెల్లగా బల్ల దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, పై సెట్టూ కింది సెట్టూ ఊడదీసి, అచ్చు పక్కన పెట్టింది.

"ఇవి కూడా అచ్చు మీద బాగానే ఉంటాయిరా" అంది.

పళ్ళు లేని నోటితో ఆవిడ మాట మెత్తగా, తడబడుతూ వచ్చింది. ఆ గొంతు మేస్త్రి చాలా ఏళ్ళుగా వినలేదు.

"అమ్మా, ఏమిటిది?"

"నువ్వు ఎదురుగా ఉన్నప్పుడే పెట్టుకుంటాను. నువ్వు అటు వెళ్ళగానే తీసేస్తాను. ఎడమవైపు కింద ఒకటే నొప్పి. ఇన్నేళ్ళూ అన్నం మెత్తగా పిసుక్కుని మింగుతున్నాను."

"అత్తయ్యా, మీరూనా!" అంది కోడలు నిర్ఘాంతపోయి.

"నేనేనమ్మాయ్. దీనికి దాచుకునే విద్య నేర్పింది కూడా నేనే. గార్డు నొప్పెడుతోందని, మేజోట్లో పెడుతోందని నాకు తెలుసు. నోరు మూసుకుని కూర్చున్నాను. ఇవాళ ఊడింది దాని పన్ను గాని, తప్పు నాది." ఆవిడ పిడుగు పక్కన కూలబడి, దాని తల తన భుజానికి ఆనించుకుంది. "దానికి ఇవాళ నోరు లేదు. అందుకే నేను మాట్లాడుతున్నాను."

"నొప్పైతే చెప్పాలి కదా!" అని అరిచాడు మేస్త్రి. "ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదే! నేనేమన్నా పులినా?"

"పులివైతే కర్ర పట్టుకుందుం" అంది తల్లి. "నువ్వు అన్నం మానేస్తావురా. దానికి ఏం పట్టుకోను?"

మేస్త్రి భార్య వైపు తిరిగాడు, ఆవిడైనా తన పక్షాన మాట్లాడుతుందేమోనని. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"షాపులో రోజూ ఎంతమందికో కళ్ళజోడు పెడతాను. పెట్టి 'బాగుంది కదూ' అన్నాననుకోండి, అందరూ మొహమాటానికి బాగుందనే వెళ్ళిపోతారు. రెండు రోజుల తర్వాత చెవి వెనక పుండుతో తిరిగొస్తారు. అందుకని మా దగ్గర అలా అడగరు. 'ఎక్కడ నొక్కుతోంది?' అని అడుగుతాం. అప్పుడు చెప్తారు. మీరు ఎప్పుడైనా మమ్మల్ని అలా అడిగారా? మీరు కూర రుచి అడిగినా 'బాగుంది కదూ' అనే అడుగుతారు."

"కానీ... అచ్చు మీద ఇంత చక్కగా..."

"ఆ అచ్చు ఎప్పటిదండీ?"

"పోయిన పుట్టినరోజుది."

"పోయిన పుట్టినరోజు కొన్న బూట్లు దీనికి ఇప్పుడు పడుతున్నాయా?"

అప్పుడు పిడుగు లేచి వచ్చింది. తండ్రి ఎదురుగా నిలబడి, వాచిన పెదవిని ఓ పక్కనుంచి వేలితో జాగ్రత్తగా పైకి లేపి చూపించింది. అక్కడ కొత్తగా దిగిన కోరపన్ను మెరుస్తోంది. దాని పైన చిగురు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. బల్లమీది అచ్చులో ఆ చోట ఉన్నది చిన్న పాలపన్ను.

ఆ పాలపన్ను ఊడిన రోజు ఆయనకు బాగా గుర్తుంది. తానే దాన్ని దాచిపెట్టాడు. ఊళ్ళో ఏ పిల్ల నోటి కొలత వచ్చినా, పాత అచ్చు మీద పని చెయ్యడానికి ఆయన చస్తే ఒప్పుకునేవాడు కాడు. తన పిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది కూడా అలమారలో ఉన్నట్టే ఉండిపోయిందనుకున్నాడు. పైగా దాని కళ్ళలో తిరిగిన నీళ్ళను చూసి, ఆనందమని ఊరంతా చాటుకున్నాడు.

ఆయన గార్డు బల్లమీద వదిలేసి ముందు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"అయింది" అంది నాయనమ్మ. "ఇవాళ కూడా అన్నం తినడు."

కోడలు అత్తగారి పక్కన కూర్చుంది. పిడుగు ఇద్దరి మధ్యా ఇరుక్కుంది. అలా ముగ్గురూ ఆ తలుపు వైపు చూస్తూ ఉన్నారు. లోపల ఏదో సొరుగు లాగిన చప్పుడైంది. ఏదో కింద పడింది. ముక్కు చీదిన చప్పుడూ వినిపించింది.

తలుపు తెరుచుకుంది. మేస్త్రి ఒక చేతిలో సన్నటి ఆకురాయి, ఇంకో చేతిలో రంగు పెన్సిలు పట్టుకుని వచ్చాడు. కనుబొమల మీది తెల్లటి పొడి కళ్ళకిందికి చారలు కట్టి ఉంది. చిన్న పీట లాక్కుని తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. బల్లమీది సెట్టు తీసి, కడిగి, ఆవిడ నోట్లో తనే పెట్టాడు.

"కొరుకు అమ్మా. ఎక్కడ నొక్కుతోంది?"

"ఎక్కడా లేదురా" అంది ఆవిడ అలవాటు చొప్పున.

"అమ్మా!"

ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. వేలితో ఎడమ దవడ మీద ఒక చోట చూపించింది. "ఇక్కడరా. ఇక్కడ చాలా నొప్పిరా" అని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

మేస్త్రి అక్కడ పెన్సిలుతో గుర్తుపెట్టి, తీసి, అరగదీసి, మళ్ళీ పెట్టి అడిగాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ అడిగాడు. ఎన్నిసార్లు అడిగాడో ఎవరూ లెక్కపెట్టలేదు. చివరికి ఆవిడ దవడ అటూ ఇటూ ఆడించి, "ఒరే, పోయిందిరా!" అంది ఆశ్చర్యంగా. ఆ తర్వాత ఆయన పీట కూతురి వైపు జరుపుకున్నాడు.

"నీ పన్ను కుదురుకోనీ తల్లీ. కొత్త కొలత తీసి చేస్తాను. నొప్పుంటే చెప్పు. నేను అన్నం మానేసినా సరే, నువ్వు చెప్పు."

పిడుగు మాట్లాడకూడదు కనుక, మెడచుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. ఆ రోజు ఆయన అన్నం తిన్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

ఆట సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. తల్లి స్టిక్కును అటకెక్కించింది. పిడుగు నోరు బాగయ్యాక కూడా అడగలేదు. అడక్కుండా అటక కింద కూర్చుని చదువుకునేది, అన్నం తినేది, జడ వేసుకునేది. పిల్ల పట్టుదల ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. తీగ విప్పిన రోజున డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "పన్ను పట్టుకుంది. ఇంకాస్త ఆగి, మంచి గార్డు పెట్టుకుని ఆడుకోవచ్చు" అంది. ఇంటికొచ్చాక తల్లి చాలాసేపు ఏదో ఆలోచించింది. తర్వాత కుర్చీ వేసుకుని అటక మీది స్టిక్కు తీసింది.

"పాత షరతు రద్దు" అంది స్టిక్కు దుమ్ము దులుపుతూ. "గార్డు లేకపోతే ఆట ఆపేస్తానని, నొప్పి చెప్పనివ్వకుండా నేనే నీ నోరు నొక్కేశాను. ఇకనుంచి నొప్పి చెప్పినందుకు ఆట ఆపను. దాచినందుకు ఆపుతాను. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నానమ్మా" అంది పిడుగు, తీగ లేని కొత్త నవ్వుతో.

పుట్టినరోజు ఇంకా రాలేదు. అయినా పిడుగు కుర్చీలో కూర్చుని గులాబీరంగు ముద్ద కొరికింది. కేకు లేదు గాని, నాయనమ్మ ఊరుకోలేక పాట పాడింది. కొత్త గార్డు తయారయ్యాక, పిడుగు వారం పాటు ఇంట్లోనే దాన్ని పెట్టుకుని తిరిగింది. మేస్త్రి వెనకాలే ఆకురాయి పట్టుకుని తిరిగాడు. మొదటి రెండు రోజులూ ఆయన "ఎక్కడ నొక్కుతోంది?" అనడం, ఆ పిల్ల "ఎక్కడా లేదు, బాగుంది" అనడం. ఏళ్ళ అలవాటు, రెండు రోజుల్లో పోతుందా? ఆయన నమ్మలేదు. అడుగుతూనే ఉన్నాడు.

పిడుగు మళ్ళీ ఆటలో దిగే రోజున ఇంటిల్లిపాదీ గ్రౌండుకు వచ్చారు. మెట్లమీద నాయనమ్మ వేయించిన పల్లీల పొట్లం విప్పుకుని, కటకటా నములుతూ కూర్చుంది. ముందు వరసలో ఉన్నాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ అతనికీ ఓ గుప్పెడు ఇచ్చింది. కోచ్ మేడమ్ పిల్లల్ని వరసగా నిలబెట్టి "ఈ" అనిపించింది. ఈసారి మేజోళ్ళు కూడా తడిమి చూసింది. సగం ఆటలో ఇంకోసారి "ఈ" అనిపిస్తానని ముందే చెప్పింది.

పిల్లలు గ్రౌండులోకి పరుగెత్తుతుంటే, మేస్త్రి ఉండబట్టలేక లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి కేకేశాడు.

"ఏమే పిడుగా! ఎక్కడన్నా నొక్కుతోందా?"

మెట్లమీద జనం గొల్లుమన్నారు. జట్టు పిల్లలు కూడా నవ్వారు. పిడుగు గీత దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. అంతమందీ చూస్తున్నారు. తండ్రి కొత్త చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. తల అడ్డంగా ఊపేస్తే ఆటకు వెళ్ళిపోవచ్చు.

పిడుగు ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత చెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి 'కొంచెం' అన్నట్టు చూపించి, కుడి బుగ్గ మీద వేలు పెట్టింది.

"చూశారా" అంది భార్య నవ్వుతూ, కళ్ళు ఒత్తుకుంటూ. "ఇంతమందిలో మీ పనికి వంక పెట్టింది."

"పెట్టింది!" అన్నాడు మేస్త్రి. ఆయన కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. "చూశావా అమ్మా? నా కూతురు నాకు చెప్పిందే!"

జేబులోంచి ఆకురాయి తీసి, రెండేసి మెట్లు దిగుతూ ఆయన గీత వైపు పరుగెత్తాడు. కోచ్ మేడమ్ ఈల నోటి దగ్గరే పట్టుకుని, ఆయన పని అయ్యేదాకా ఆగింది.